పడమటి చెరువులో వానబాతులు

వైలా కారు పడవ దిగి షెట్లాండ్ దీవుల్లో ఒకటైన యెల్ మీద చక్రం మోపేసరికి ఉదయం తొమ్మిది దాటింది. ఇంత ఉత్తరాన, అందులోనూ జూన్ నెల కాబట్టి సూర్యుడు మూడున్నరకే డ్యూటీ ఎక్కేశాడు, ఆలస్యమంతా మనుషులదే. రేవు పక్కన మిమీ కొట్టు ముందు గిబ్బీ అప్పటికే నిలబడి ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ సన్నటి మనిషి. మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఉన్ని స్వెటరు, మెడలో బైనాక్యులర్లు. ఆ బైనాక్యులర్లు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు దీవిలో లేరు. ఆయన పెళ్ళి ఫోటోలో కూడా అవి ఉన్నాయని చెప్పుకుంటారు.

వైలా లెర్విక్ పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. పక్షుల లెక్కలు చూసే సంఘంలో ఉద్యోగం. వచ్చిన పని చిన్నదే. యెల్ నడుమ ఉన్న కొండ మీద టెలిఫోన్ టవర్ కడుతున్నారు. ఫోన్ మాట్లాడాలంటే చర్చి గోడెక్కి నిలబడాల్సిన అవస్థ తీరుతుందని దీవిలో అందరూ సంబరపడుతున్నారు. లారీలు పైకి వెళ్ళడానికి కొత్త బాట కావాలి. కొండకి పడమటి పక్కనుంచి వేస్తే దగ్గర. కానీ పడమటి చెరువులో ఏటా ఒక జంట వానబాతులు గూడు కడతాయని గిబ్బీ ముప్పై ఒక్క ఏళ్ళుగా రాసి పంపుతున్నాడు. గొంతు మీద ఇటుక రంగు మచ్చతో, వానకి ముందు ఊళ పెట్టే పక్షి అది. దాని గూటి జోలికి వెళ్ళడం నేరం. అందుకని బాటని తూర్పు పక్కకి తిప్పారు. తూర్పున ఏ గూడూ లేదని ఒకసారి కళ్ళారా చూసి వైలా సాయంత్రానికల్లా సంతకం పెట్టాలి. పెడితే సోమవారం యంత్రాలు దిగుతాయి. పైఅధికారి పక్కన లేకుండా ఆమె ఒక్కతే పెట్టబోయే మొదటి సంతకం అది.

"ఈయన్ని ఎక్కించుకుంటున్నావా అమ్మాయ్?" అంది మిమీ కొట్టు గడపలోంచి వచ్చి, రొట్టెలూ ఉప్పుమాంసమూ చుట్టిన పొట్లం కారు కిటికీలోంచి లోపల పడేస్తూ. "సాయంత్రానికి నీ చెవులు మిగిలితే అదృష్టమే."

"ముప్పై ఏళ్ళుగా నీ దగ్గర చక్కెర కొంటున్నాను, నా చెవులు ఉన్నాయిగా," అన్నాడు గిబ్బీ.

"ఉంటే ఏం లాభం, నేను చెప్పేది ఒక్కటీ లోపలికి పోలేదు."

రోడ్డు ఒంటి వరసది. ఎదురు బండికి దారి ఇవ్వడానికి అక్కడక్కడ ఒక పక్క కాస్త వెడల్పు చేసిన జాగాలుంటాయి. వైలా ఒక జాగాలో ఆగింది. ఎదురుగా వస్తున్న కారువాడు స్టీరింగు మీంచి వేలెత్తాడు. వైలా వేలెత్తింది. పక్క సీట్లోంచి గిబ్బీ కూడా ఎత్తాడు.

"ఎవరాయన?"

"తెలీదమ్మా. వేలెత్తకపోతే మాత్రం మనమెవరమో రేపటికల్లా దీవంతా తెలిసిపోతుంది."

గిబ్బీ ముందుగా తీసుకెళ్ళిన పడమటి చెరువు పెద్దది, గాలికి అలలు లేచేంత పెద్దది. ఒడ్డున చక్కటి చెక్క గుడిసె, తలుపు మీద 'గిబ్బీ గుడిసె' అని చెక్కిన పలక. పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్ళు కూర్చోవాలని ఎనిమిదేళ్ళ కిందట దీవివాళ్ళే కట్టించారు. దాని ఖర్చు కోసం ఆ వేసవి ఆదివారాలన్నీ మిమీ ఊరి హాల్లో సూపూ కేకులూ అమ్మింది. ఒకరు కలప ఇచ్చారు, ఒకరు మేకులిచ్చారు. గిబ్బీ బల్ల మీద కూర్చుని కిటికీ పలక తీశాడు. నీళ్ళ మీద ఏమీ లేదు.

"చేపలకి సముద్రం మీదికి పోయుంటాయి," అన్నాడు.

"పిల్లలు?"

"రెండున్నాయి." వెంటనే చెప్పాడు.

"గూడు ఎటు పక్కన?"

గిబ్బీ ఎదుటి మూలకి వేలు చూపించాడు. వైలా బైనాక్యులర్లు అటు తిప్పింది. తర్వాత చెరువు చుట్టూ మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పింది. నాలుగు పక్కలా నడుమెత్తు రాళ్ళే. వానబాతుకి కాళ్ళు ఒంటి చివర, తోకను ఆనుకుని ఉంటాయి. నీళ్ళలో దాన్ని మించినది లేదు గానీ నేల మీద నిలబడలేదు, పొట్టతో పాకాల్సిందే. అందుకే గూడు నీటి అంచునే కట్టుకుంటుంది. ఈ రాళ్ళు అది ఎలా ఎక్కుతుంది? వైలా అడగబోయింది. గిబ్బీ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"పదమ్మా. పోటు మొదలైంది, ఈ వేళకి నీటికుక్క ఒడ్డుకొస్తుంది. చూస్తావా?"

నీటికుక్కను చూస్తావా అంటే వద్దనే మనిషి షెట్లాండ్‌లో పుట్టలేదు. వైలా కారు తీసింది.

నీటికుక్క నిజంగానే వచ్చింది, ఒక్కటి కాదు, తల్లీ రెండు పిల్లలూ. తల్లి పీతని పట్టి సముద్రపు పాచి మీద వెల్లకిలా పడుకుని కరకర నములుతోంది. పిల్లలు దాని పొట్ట మీదకెక్కి వాటా కోసం కీచుమంటున్నాయి. గాలి ఎదురుగా ఉంది కాబట్టి మనుషుల వాసన వాటికి తగల్లేదు. వైలా రాళ్ళ వెనక బోర్లా పడుకుని పావుగంట చూసింది. కోటు ముందంతా తడిసింది. ఆమెకి అది తెలియనే లేదు.

"ఇప్పుడు తూర్పు పక్కకి వెళ్దామా?" అంది లేచి.

"వెళ్దాం. దార్లోనే సీళ్ళున్నాయి."

సీళ్ళనే ఆ నున్నటి సముద్ర జంతువులు దార్లో లేవు, నాలుగు మైళ్ళు ఉత్తరాన ఉన్నాయి. గిబ్బీ నీళ్ళ అంచున నిలబడి చర్చి పాట ఒకటి ఎత్తుకున్నాడు. గొంతు ఏమంత గొప్పది కాదు. అయినా ఒకదాని వెనక ఒకటి పన్నెండు నల్లటి గుండ్రటి తలలు నీళ్ళలోంచి లేచి ఆయన్నే చూస్తూ నిలిచాయి. ఆయన చరణం మరిచిపోయి ఆగితే అవి అలాగే ఎదురుచూశాయి.

"మా పాస్టరు పాడినా ఇంతమంది రారు," అన్నాడు గర్వంగా.

వైలా మళ్ళీ తూర్పు మాట ఎత్తింది. గిబ్బీ కొండ మీది బాంక్సీలని చూపిస్తానన్నాడు. బాంక్సీ అంటే గద్దంత గోధుమరంగు దొంగ పక్షి. గూటి దరిదాపులకు వెళితే నెత్తి మీదికి దూసుకొస్తుంది. కర్ర నెత్తి మీద నిలువుగా ఎత్తి పట్టుకుంటే మనిషిని వదిలి కర్రని కొడుతుంది. గిబ్బీ తన చేతికర్ర వైలాకిచ్చాడు. ఆమె ఒకసారి కర్ర దించి నోటుబుక్కు తీసింది. బాంక్సీ రెక్క చెంపకి తగిలినంత పని చేసి పోయింది. వైలా పరిగెత్తిన తీరు చూసి గిబ్బీ దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. ఈ ముసలాయన మీద ఇష్టం కలగకుండా ఉండటం కష్టమే.

మధ్యాహ్నం ఉత్తరపు కొస మీద కూర్చుని మిమీ ఇచ్చిన రొట్టెలు తిన్నారు. కింద సముద్రంలోకి పెద్ద తెల్లటి గానెట్ పక్షులు రెక్కలు ముడుచుకుని నిట్టనిలువుగా పడుతున్నాయి. పడిన చోటల్లా నీళ్ళు చిమ్ముతున్నాయి. అప్పుడు తల మీదుగా ఇంకో పక్షి వెళ్ళింది. మెడ కాస్త కిందికి వంచి, కక్‌కక్ అంటూ, తొందరగా. ముక్కున అడ్డంగా ఒకే ఒక్క చేప మెరిసింది. గొంతు మీద మచ్చ ఇటుక రంగు. అది వానబాతే. నోట చేప ఉందంటే పిల్లల దగ్గరికే పోతోంది. పడమటి చెరువుకి వెళ్ళాలంటే కుడికి తిరగాలి. అది ఎడమకి తిరిగింది.

"అదిగో!" అన్నాడు గిబ్బీ గభాలున, నీళ్ళవైపు వేలు చూపిస్తూ. "నీటికుక్క!"

వైలా అటు చూసింది. నీటికుక్క ఉంది. ఈయన ఎటు వేలు చూపితే అటు నీటికుక్క పుట్టుకొస్తుందా ఏమిటి అనుకుంది. అప్పుడు పొద్దుట్నుంచీ జరిగింది వరసగా గుర్తు చేసుకుంది. తూర్పు అన్నప్పుడల్లా ఒక జంతువు ప్రత్యక్షమైంది. అన్నీ నిజమైన జంతువులే, అదే చిత్రం. చూపించడం ఈయనకి చేతనైనట్టు ఎవరికీ చేతకాదు. అలాంటి మనిషి ఒక్క చోటు మాత్రం చూపించకుండా రోజంతా బండి తిప్పిస్తున్నాడంటే, అక్కడ ఉన్నదేమిటో చూడకుండా ఆమెకి ఇక అన్నం సహించదు.

ఏమీ అనకుండా తిరుగు దారి పట్టింది. దీవి నడుమ, తూర్పుకి మట్టి బాట చీలే చోట ఆగే జాగా ఒకటి ఉంది. అక్కడ కారు ఆపి ఇంజను కట్టేసింది. చుట్టూ నల్లటి పీట్ నేల, తెల్లటి దూదిగడ్డి, పొయ్యిలోకని తవ్వి ఆరబెట్టిన పీట్ మట్టిగడ్డల కుప్పలు. సముద్రం కనబడదు. నీటికుక్కని చూపించడానికి వీల్లేని చోటు.

"బండి చెడిందా?" అన్నాడు గిబ్బీ.

"లేదు. ఊరికే చూద్దాం."

ఇరవై నిమిషాలు కూర్చున్నారు. ఒక గొర్రె వచ్చి కారు వంక చూసి పోయింది. తర్వాత పడమటి సముద్రం మీంచి వానబాతు వచ్చింది, చేపతో. రోడ్డు దాటి తూర్పుకి వెళ్ళి కొండ మలుపులో దిగింది. పది నిమిషాలకి ఖాళీ ముక్కుతో వెనక్కి పోయింది. గిబ్బీ బైనాక్యులర్లు ఎత్తనే లేదు.

"గిబ్బీ గారూ," అంది చివరికి. "నేను ఆ బాట మీదికి తిప్పను. మీరు తిప్పమంటేనే తిప్పుతాను. కానీ సాయంత్రం నా ముందు కాగితం ఉంటుంది. తూర్పున ఏమీ లేదని రాస్తే సోమవారం లారీలు ఇటే వస్తాయి. ఏం రాయమంటారో చెప్పండి."

గిబ్బీ కిటికీ అద్దం దించాడు. చల్లగాలి లోపలికొచ్చింది.

"ముప్పై రెండేళ్ళ కిందట ఒకాయనొచ్చాడమ్మా. దూరం మనిషి. మంచి మాట, మంచి కోటు. పక్షులంటే ప్రాణమన్నాడు. మా ఇంట్లో టీ తాగాడు, మా ఆవిడ చేసిన కేకు రెండోసారి అడిగి తిన్నాడు. నేనే తీసుకెళ్ళాను, తూర్పు మడుక్కి. గూడు చూపించాను. రెండు గుడ్లు. చెయ్యెత్తి మరీ చూపించాను. మర్నాడు పొద్దున పోతే గుడ్లు లేవు. ఆ తల్లి ఖాళీ గూటి మీద కూర్చునుంది. మూడు రోజులు కూర్చుంది." ఆగాడు. "అరుదైన గుడ్లు పోగేసుకునే దొంగలు అలా ఉంటారని నాకేం తెలుసు? దొంగంటే దొంగలా ఉంటాడనుకున్నాను."

"ఆ మరుసటేడు నుంచి చెరువు పేరు మార్చి రాశారా?"

"లెక్కలన్నీ నిజమే. పిల్లలు ఎన్నంటే అన్నే రాశాను. చోటొక్కటే అబద్ధం. ఎవరైనా కాగితాలు చూసి దొంగతనానికొస్తే పడమటి చెరువు చుట్టూ తిరిగి చావనీ అనుకున్నాను. వచ్చారు కూడా, ఇద్దరు ముగ్గురు. తిరిగి చచ్చారు." ఒక క్షణం సంతోషించాడు. అంతలోనే ముఖం వాడిపోయింది. "ఈ టవరొకటి వస్తుందని ఎవడు కలగన్నాడు?"

తర్వాత తనే మట్టిబాట వైపు గడ్డం ఆడించాడు. వైలా కారు తిప్పింది. బాట ఆగిన చోట దిగి, పీట్ గోతుల మధ్య వంగి వంగి నడిచారు. చివర ఇద్దరూ బోర్లా పడుకుని గట్టు మీంచి చూశారు. మడుగు రెండు గదులంత కూడా లేదు. అంచులు నీళ్ళతో సమానంగా మెత్తగా ఉన్నాయి. నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. నడుమ ఒక వానబాతు. దాని పక్కన కాఫీపొడి రంగులో రెండు బొచ్చు పిల్లలు. పెద్దది తల తిప్పినప్పుడు మెడ వెనక సన్నటి తెల్ల గీతలు కనిపించాయి, ఎంత సన్నగా ఉన్నాయంటే వైలా ఊపిరి బిగబట్టి లెక్కపెట్టబోయి మానేసింది. పక్కన గిబ్బీ మెల్లగా, నోట్లోనే, "రెండు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. చూపించడం ఆయనకెంత ఇష్టమో, ముప్పై రెండేళ్ళుగా దేన్ని ఆపుకుని బతికాడో వైలాకి అప్పుడర్థమైంది.

గట్టుకి ఇరవై అడుగుల దూరంలో, సర్వేవాళ్ళు పాతిన ఎర్ర జెండా గాలికి కొట్టుకుంటోంది.

కారు దగ్గరికొచ్చాక వైలా చెప్పింది. "ఈ చోటు పేరు మూసిన కవర్లో వెళ్తుంది. సంఘంలో ముగ్గురు తప్ప ఎవరూ చూడరు. బాట పడమటికి మారుతుంది, టవరూ ఆగదు. అంతవరకూ ఏ చిక్కూ లేదు. కానీ పాత లెక్క ఎందుకు తప్పయిందో పైకాగితం మీద రాయాలి. అది అందరూ చదువుతారు, మీ పేరుతో సహా."

గిబ్బీ తలూపాడు.

"లేకపోతే," అంది వైలా, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంటే, "ఈ ఏడు జంట చెరువు మారిందని రాసేస్తాను. పక్షులు మారుతుంటాయి. ఎవరూ అడగరు."

దొంగల సంగతి కాదు ఆయన్ని తినేస్తున్నది, గుడిసె. "ఆదివారాలన్నీ మిమీ ఆ పొయ్యి దగ్గర నిలబడింది. కట్టొద్దని ఒక్క మాట అనాల్సింది. అంటే ఎందుకని అడుగుతారు. అందుకని సూపు తాగి, చప్పట్లు కొట్టించుకుని, ఖాళీ చెరువు ముందు రిబ్బను కత్తిరించాను. పిల్లలు కూడా మేకులు కొట్టారమ్మా ఆ గుడిసెకి." మొహం చేత్తో రుద్దుకున్నాడు. "వద్దు. ఒక్క అబద్ధం రాసినందుకు ముప్పై ఒక్క ఏళ్ళు దానికి కాపలా కాశాను. ఆ ఉద్యోగం నీకెందుకు? నిజమే రాయి. కాకపోతే కాగితంలో చదివే ముందు మిమీకి నా నోటితో చెప్పాలి."

అయిదున్నరకి కొట్టు చేరారు. మిమీ బంగాళాదుంపలు తూస్తోంది. గిబ్బీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మిమీ, పడమటి చెరువులో వానబాతుల్లేవు."

"తెలుసు," అంది మిమీ, ఇంకో దుంప వేస్తూ.

"ఈ ఏడని కాదు. ఎప్పుడూ లేవు."

"తెలుసయ్యా. అందరికీ తెలుసు."

మిమీ త్రాసు వదిలి వైలా వైపు తిరిగి, పక్కనున్న మనిషికి చెవులు కూడా లేవన్నట్టు గొంతు తగ్గించింది.

"చూపు ఆనదమ్మా. వాళ్ళమ్మ వైపు వాళ్ళందరికీ అంతే. నీళ్ళ మీద నల్లరాయి కనబడితే చాలు, బాతని రాసుకునేవాడు. ఆ రాళ్ళ మీద వానలో తడుస్తూ గంటలు గంటలు కూర్చునేవాడు. చెప్పి మనసు విరిచెయ్యడం ఎందుకని, కనీసం నెత్తి మీద కప్పయినా ఉంటుందని గుడిసె కట్టాం. జారిపడతాడేమోనని మెట్ల పక్కన పట్టుకోడానికి కర్రలు కూడా పెట్టించాం."

గిబ్బీ దుంపల బస్తా మీద కూర్చున్నాడు. "ప్రతి వేసవీ మీరంతా వచ్చి రెండు బాతుల్ని చూశామనేవాళ్ళు?"

"నీ సంతోషం కోసం."

"మీకు వెర్రెక్కిందనుకున్నానే! దీవి మొత్తానికి ఒక్కసారే!"

తర్వాత నిజం చెప్పాడు. మంచి కోటు మనిషి గురించి, ఖాళీ గూడు గురించి, అన్నీ. మిమీ విన్నంతసేపూ చేతిలో ఒక దుంప పట్టుకునే ఉంది. చివరికి దాన్ని బల్ల మీద ఠప్పున కొట్టింది. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"ముప్పై రెండేళ్ళు! మాకు చెప్పకపోతివా? మేం దొంగలమా?"

"మీరు కాదు మిమీ. నేను. వాణ్ణి తీసుకెళ్ళి చూపించింది నేనేగా. నా నోటిమీద నాకే నమ్మకం పోయింది."

మిమీ బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆయన భుజం మీద పిడికిలితో ఒకటి వేసింది. ఆ పిడికిలి అక్కడే ఉంచేసింది.

రేవులో పడవ కూత పెట్టింది. వైలా బల్ల మీద కాగితం పరిచి, కారణం రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆపింది.

"గిబ్బీ గారూ, ఏమని రాయను?"

గిబ్బీ బస్తా మీంచి లేచి, టోపీ పెట్టుకుని, వీపు నిటారుగా నిలబెట్టాడు.

"అబద్ధం రాశాడని రాయి," అన్నాడు. "ముప్పై ఒక్కసార్లని రాయి. కానీ చూపు పోయిందని మాత్రం ఎక్కడా రాయకమ్మా, నీకు దణ్ణం పెడతాను."